గ్యాస్ నింపే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

దేవరకొండలో దుకాణం తెరిచావనీ, మొదటి వారంలోనే నాలుగు ఏసీలకు గ్యాస్ నింపావనీ మీ అమ్మ ఫోనులో ఎంతో సంతోషంగా చెప్పింది. ఆ నాలుగింటిలో ఎన్నింటికి లీకు వెతికావో ఆమెను అడిగి లాభం లేదు గనుక నీకే రాస్తున్నాను. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు వంటిది కాదు, వాడిన కొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసిన రాగి గొట్టాలలో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే బయటికి పోయిందనే అర్థం. ప్రతి ఎండాకాలం గ్యాస్ కొట్టించాలని మన ఊళ్లలో జనం నమ్ముతున్నారంటే ఆ నమ్మకం నేర్పింది మన వృత్తివాళ్లమే.

లీకును ముందు కంటితో వెతుకు. గ్యాస్ పోయేచోట కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా వస్తుంది, దానికి మన ఎర్రదుమ్ము అంటుకొని నల్లటి జిడ్డు మరకగా మారుతుంది. గొట్టాలను కలిపే ఫ్లేర్ నట్టుల దగ్గర, ఇండోర్ కాయిల్ వంపుల దగ్గర, గ్యాస్ ఎక్కించే పిన్ వాల్వు మూత కింద ఆ మరక కోసం చూడు. మూత లేని పిన్ వాల్వులు నాకు ఎన్ని కనిపించాయో లెక్క లేదు.

తరువాత నైట్రోజన్ ఒత్తిడితో పరీక్ష. మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి పట్టి భద్రపరచిన తరువాతే, తేమ లేని నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా ఎక్కించు. నిండు నైట్రోజన్ సిలిండర్‌లో రెండు వేల పి.ఎస్.ఐ.కి (గేజ్ మీద ఒత్తిడి కొలిచే లెక్క) పైగా ఒత్తిడి ఉంటుంది కనుక రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించకూడదు. వెల్డింగ్ గ్యాస్ అమ్మేచోట పక్కనే ఆక్సిజన్ కూడా ఉంటుంది. ఎవరేమి చెప్పినా దానిని ఏసీలోకి పంపకు, నూనెతో కలిస్తే బాంబులా పేలుతుంది. ఒత్తిడిని మెట్లు మెట్లుగా పెంచు: ముందు డెబ్బై దగ్గర ఐదు నిమిషాలు ఆగు, తరువాత రెండు వందల దగ్గర మళ్లీ ఆగు, ఆ తరువాత పూర్తి ఒత్తిడికి వెళ్లు. ఆర్-32, ఆర్-410ఏ అనే గ్యాసులతో నడిచే యంత్రాల గొట్టాలను ఐదు వందల పి.ఎస్.ఐ. దాకా పరీక్షించడం మామూలే, పాత ఆర్-22 యంత్రాలకు అంత పనికిరాదు. ఏ యంత్రానికైనా తయారీదారు రాసిన హద్దును దాటకూడదు.

సబ్బు నీళ్లు చిక్కగా కలిపి, బ్రష్‌తో ప్రతి అతుకు చుట్టూ పూసి, కాసేపు కదలకుండా చూడు. పెద్ద లీకు బుడగలు ఊదుతుంది, దానిని పట్టడం ఎవరికైనా వస్తుంది. సన్న లీకు అలా కాదు. గేదె పాలు పితికేటప్పుడు చెంబు అంచున చేరే నురుగులాగా, రెండు మూడు నిమిషాలకు తెల్లగా, మెత్తగా పేరుకుంటుంది.

వీలైతే ఆ ఒత్తిడిని రాత్రంతా ఉంచు. అయితే ఉదయం ముల్లు కిందికి దిగిందని కంగారుపడకు. సాయంత్రం నాలుగు గంటలకు, నలభై డిగ్రీల వేడిలో, ఐదు వందల దగ్గర మూశావనుకో. తెల్లవారి ఆరు గంటలకు చల్లబడి ఇరవై ఏడు డిగ్రీలైతే, లీకు లేకపోయినా ముల్లు 478 దగ్గర ఉంటుంది. డిగ్రీకి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ.కి పైన తగ్గుతుందని గుర్తుపెట్టుకో. 460 చూపితే మాత్రం మళ్లీ సబ్బు నీళ్లు కలపాల్సిందే.

ఇక వాక్యూమ్, అంటే గ్యాస్ నింపే ముందు గొట్టాలలోని గాలినీ తేమనూ పంపుతో లాగేయడం. దీని గురించి నేను ఎక్కువ రాయడానికి కారణం ఉంది. పని నేర్చిన కొత్తలో నాకు పంపు లేదు. గ్యాస్‌తోనే గాలిని తోసి, నట్టు దగ్గర నాలుగు సెకన్లు బుస్సుమనిపించి బిగించేవాడిని. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో అలాగే చేశాను. రాత్రి చక్కగా నడిచిన యంత్రం మధ్యాహ్నం కాగానే ఆగిపోయేది, ఎందుకంటే లోపల చిక్కిన గాలి చల్లారి ద్రవంగా మారదు, అవుట్‌డోర్‌లో ఒత్తిడిని పెంచుతూ కూర్చుంటుంది. మూడోసారి వెళ్లేసరికి కంప్రెసరే కాలిపోయింది. విప్పి నూనె వంచితే నల్లగా, ముక్కు పగిలే పుల్లటి వాసనతో వచ్చింది. గాలితో పాటు లోపలికి పోయిన తేమ నూనెను ఆమ్లంగా మార్చి కంప్రెసర్ మోటారు తీగచుట్టను (వైండింగును) తినేసింది. కొత్త కంప్రెసర్‌కు సగం డబ్బు నేనే పెట్టుకున్నాను. ఇప్పటి యంత్రాల నూనె పాత నూనెకంటే తేమను ఎంతో వేగంగా పీల్చుకుంటుంది, పైగా ఆర్-32 అంటుకునే గ్యాస్, కనుక ఆ పాత పద్ధతి నీకు అసలే వద్దు.

పంపు గాలిని లాగడంతో పాటు తేమను ఆవిరి చేయాలి. ముప్పై ఐదు డిగ్రీల వేడిలో నీరు మరగాలంటే ఒత్తిడి నలభై రెండు వేల మైక్రాన్లకు దిగాలి (మైక్రాన్ అంటే వాక్యూమ్‌లో మిగిలిన ఒత్తిడిని కొలిచే చిన్న కొలత). మనం వెళ్లాల్సింది ఐదు వందలకు. మామూలు గేజ్ ముల్లు వాక్యూమ్ వైపు ముప్పై అంగుళాల మీద ఆనగానే పని అయిందనుకుంటారు, కానీ ఆ గేజ్‌పై ఒక అంగుళం అంటేనే ఇరవై ఐదు వేల మైక్రాన్లు, ముల్లు మందంలోనే మన లెక్క అంతా దాగిపోతుంది. అందుకే మైక్రాన్ గేజ్ కావాలి. గడియారం చూసి ఇరవై నిమిషాలని ఆపవద్దు. ఐదు వందలకు దిగాక పంపు వైపు వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు చూడు. వెయ్యి లోపు నిలబడితే మంచిది. కొంత పెరిగి ఒకచోట ఆగితే తేమ మిగిలింది: కొద్దిగా నైట్రోజన్ పంపి, మళ్లీ లాగు. ఆగకుండా పైకి పోతుంటే లీకు ఉంది. పంపులో నూనె పాలలా తెల్లబడితే మార్చెయ్యి, ఆ నూనెతో ఎంతసేపు నడిపినా ఐదు వందలకు దిగదు.

గ్యాస్‌ను తూకం వేసి నింపు. యంత్రానికి అంటించిన పలకపై 780 గ్రాములని ఉంటే 780 గ్రాములే, గొట్టం పొడవు ఎక్కువైతే పట్టికలో చెప్పినంత కలుపు. ఆర్-22 కాలంలో గేజ్‌పై డెబ్బై పి.ఎస్.ఐ. చూసి ఆపిన చెయ్యి ఆర్-32 దగ్గర పొరబడుతుంది, ఐదు డిగ్రీల వద్ద దాని ఒత్తిడి నూట ఇరవై దరిదాపుల్లో ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ వేగాన్నిబట్టి అదీ మారుతుంది. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం కనుక సిలిండర్‌ను తలకిందులు చేసి ద్రవంగానే, అదీ యంత్రం నడుస్తుంటే సన్నగా వదలాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. కిటికీలు తెరిచే పనిచెయ్యి, దగ్గరలో ఎవరినీ బీడీ వెలిగించనివ్వకు. ఆర్-290 అని రాసి ఉన్న యంత్రం వస్తే, అది ప్రొపేన్, శిక్షణ తీసుకునేదాకా దాని నట్టు విప్పకు.

నా పాత మైక్రాన్ గేజ్‌ను వచ్చే ఆదివారం మీ అత్తతో పంపుతున్నాను. దానిని నిలువుగా పైకి ఉండేలా బిగించు, పక్కకు వాలితే నూనె చేరి తప్పు చూపిస్తుంది. ఆ నాలుగు ఇళ్లకూ సబ్బు నీళ్లు పట్టుకొని మళ్లీ వెళ్లు, డబ్బు అడగకు.

ఇట్లు,
నీ మామ