మబ్బు పట్టిన రోజున తీసిన లెక్క

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

జాయింట్ బేస్ లూయిస్-మెక్‌కార్డ్‌లో ప్రెయిరీ సంరక్షణ ఉద్యోగం నీకు వచ్చిందని మీ నాన్న ఫోనులో చెప్పినప్పుడు సంతోషంతో గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆ సైనిక స్థావరంలో, ప్రెయిరీ అనే ఆ గడ్డి నేలల మీదే ఇరవై ఏళ్లు తిరిగినవాణ్ణి కనుక, అక్కడ ఏది ఎలా చేజారిపోతుందో నాకు తెలుసు.

ముందు నా భయం చెబుతాను. ఫిరంగి గుండ్లు పడే ప్రాంతంలోకి కాల్పుల మైదానాన్ని చూసుకునే రేంజ్ కంట్రోల్ వాళ్ల అనుమతి లేకుండా, పేలని గుండ్లను గుర్తుపట్టగల మనిషి తోడు లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకు. తుప్పు పట్టిన ఇనుము ఏది కనబడినా ముట్టుకోకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి కబురు చెయ్యి. నువ్వు విసుక్కుంటావని తెలిసే మళ్లీ రాస్తున్నాను: ముట్టుకోకు తల్లీ.

అలాగని సైన్యాన్ని శత్రువుగా చూడకు. ఆ మైదానాలను ఒకప్పుడు స్థానిక సేలిష్ జాతుల వారు కామస్ దుంపల కోసం నిప్పు పెట్టి తెరిపిగా ఉంచేవారు. ఆ నిప్పు ఆగాక డగ్లస్ ఫర్ చెట్లూ, స్కాచ్ బ్రూమ్ పొదలూ కమ్ముకున్నాయి. దక్షిణ ప్యూజెట్ సౌండ్ ప్రాంతంలో మంచి ప్రెయిరీ నూటికి మూడు వంతులైనా మిగలలేదు, మిగిలినదానిలో ఎక్కువ భాగం ఈ స్థావరంలోనే ఉంది. గుండ్ల వల్ల గడ్డి తరచుగా అంటుకున్న చోటే చెట్లు రాలేదు, అంతరించిపోయే ముప్పున్న టేలర్స్ చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక నిలిచింది.

స్కాచ్ బ్రూమ్‌ను గింజ కట్టకముందే కొట్టించు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు లార్క్ పిట్టలు నేల మీదే గూడు కడతాయి కనుక ఆ తావుల్లో కోత యంత్రాన్ని తిప్పనివ్వకు. గోఫర్లు, అంటే మట్టి తవ్వుకుని బతికే ఎలుకల్లాంటి జంతువులు, వాటి బొరియలు ఉన్న నేలను బరువు వాహనాలతో తొక్కించకు. శిక్షణ తేదీల గురించి చలికాలంలోనే కూర్చుని మాట్లాడుకో.

ఇక నా తప్పు. ఒక ఏడాది మే నెలలో ఎండ కాసిన రోజులన్నీ సైన్యం కాల్పుల శిక్షణకు పోయాయి, ఒక నేల ముక్కలో సీతాకోకచిలుకలను లెక్కపెట్టడానికి నాకు దొరికినవి రెండే రోజులు, రెండూ మబ్బు పట్టినవి. ఎండ లేనిదే ఆ సీతాకోకచిలుక ఎగరదని నాకు తెలియనిది కాదు. అయినా గడువు దగ్గరపడిందని, ఆ ముక్కలో ఒక్కటీ కనబడలేదు కనుక పుస్తకంలో ‘లేవు’ అని రాశాను. ‘కనబడలేదు’ అని రాసి ఉంటే ఎవరో ఒకరు మళ్లీ వెళ్లి చూసేవారు. మైదానం తెరిపిగా ఉండడానికి, నా మాట నమ్మి, సెప్టెంబరులో ఆ ముక్కనంతటినీ ఒకేసారి కాల్చారు. మంట చక్కగా సాగింది, అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు బూడిదలో నడుస్తూ, అంచున కాలకుండా మిగిలిన ఒక ప్లాంటెయిన్ (అరటి కాదు, ఆ పురుగులు తినే చిన్న ఆకు మొక్క) మొదట్లో ఎండుటాకు ఎత్తి చూశాను. బియ్యపు గింజంత గొంగళిపురుగులు, నల్లగా, ముళ్ల వెంట్రుకలతో, మూడు ముడుచుకుని నిద్రపోతున్నాయి. వేసవి మధ్య నుంచి చలికాలం చివరి దాకా అవి అలాగే నిద్రలో ఉంటాయి, పారిపోలేవు. నా వెనక కాలిన నేలలో అటువంటివి ఎన్ని ఉండేవో లెక్కపెట్టే వీలు లేకపోయింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

అందుకే, ఏ ముక్కనూ మొత్తంగా కాల్చనివ్వకు, కొంత తప్పనిసరిగా విడిచిపెట్టించు. ఎండ రోజు ఇమ్మని అధికారిని అడగడానికి మొహమాటపడకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ మొహమాటం ఉంది, అన్నం చాలకపోయినా మారు అడిగేదానివి కాదు. మిషన్ క్రీక్ జైలులోని స్త్రీలు 2011 నుంచి ఏళ్ల తరబడి, ఈ మైదానాల్లో వదలడానికి, ఈ గొంగళిపురుగులను రోజూ ఆకు పెట్టి పెంచారు. వాళ్ల చేతుల మీదుగా వచ్చినవాటి కోసం అడుగుతున్నావని అనుకో, నోరు అదే వస్తుంది.

నా పాత ఫీల్డు పుస్తకాలు పార్సిలు చేస్తున్నాను. మబ్బు రోజుల పక్కన ఎర్ర గీతలు ఉంటాయి, ఆ లెక్కలను వాడకు. రేంజ్ నుంచి బయటికి వచ్చిన ప్రతి సాయంత్రం నాకు ఒక మెసేజ్ పెట్టు, ‘వచ్చేశాను’ అంటే చాలు.

మీ పెదనాన్న