అటక మీది పాత రౌటర్‌తో మేడ మీదికి వైఫై

ప్రశ్న: మాది రెండంతస్తుల డాబా. ఫైబర్ రౌటర్ కింద హాల్లో ఉంది. మా అమ్మాయి మేడ మీది గదిలో కూర్చుని ఉద్యోగం చేసుకుంటుంది. అక్కడికి వైఫై ఒక గీతకు మించి రాదు, వీడియో మీటింగులు మధ్యలో తెగిపోతున్నాయి. గతంలో టెలిఫోన్ లైనుకు వాడిన రౌటర్ అటక మీద ఉంది. దానితో పని జరుగుతుందా? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కింది నుంచి పైకి ఒక లాన్ కేబుల్ లాగగలిగితే తప్పకుండా జరుగుతుంది. ఇనుప చువ్వలున్న శ్లాబును దాటేసరికి వైఫై నీరసించిపోతుంది కానీ, కేబుల్‌కు ఆ బెడద లేదు. క్యాట్ 5ఇ లేదా క్యాట్ 6 రకం 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. డిష్ వైరు కోసం వేసిన పైపు ఖాళీగా ఉంటే అందులోంచి లాగించండి; కరెంటు తీగలున్న పైపులో మాత్రం వద్దు.

ముందుగా పాత రౌటర్‌ను విడిగా లాప్‌టాప్‌కు కలిపి, వెనుక ఉన్న చిన్న రంధ్రంలో గుండుసూది పెట్టి పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. అడుగున అంటించిన చీటీ మీది అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. వైఫైకి కింది రౌటర్‌కున్న పేరు, పాస్‌వర్డే ఇచ్చి, భద్రతకు డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. అది లేనంత పాతదైతే ఆ రౌటర్‌ను అటక మీదికే పంపడం మంచిది. ఛానల్ (వైఫై సంకేతాలు నడిచే దారి) మాత్రం వేరుగా ఉండాలి: కిందిది 1 అయితే పైదానికి 6 గానీ 11 గానీ పెట్టండి.

ఇక చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇంట్లోని ప్రతి ఫోనుకూ ఒక అడ్రస్ కేటాయించే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒకే వీధిలో ఇద్దరు గుమాస్తాలు ఎవరికి వారు డోరు నంబర్లు వేసుకుంటూ పోతే ఏమవుతుందో, రెండు రౌటర్లూ ఈ పని చేస్తే అదే అవుతుంది: పాత రౌటర్ దగ్గర అడ్రస్ తీసుకున్న ఫోను ఇంటర్నెట్‌కు దారి కూడా దాన్నే అడుగుతుంది, దానికి ఆ దారి తెలియదు. వైఫై నిండుగా కనిపిస్తూనే ఇంటర్నెట్ రాదు, అదీ ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా విసిగిస్తుంది. కాబట్టి పాత రౌటర్ సొంత అడ్రస్‌ను మొదట మార్చండి. కిందిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 ఇవ్వవచ్చు, అయితే ఆ అంకె కింది రౌటర్ పంచే అడ్రస్‌లలో లేదని చూసుకోవాలి. కొత్త అడ్రస్‌తో మళ్లీ పేజీ తెరిచి, అన్నిటికంటే చివర డీహెచ్‌సీపీని ఆపండి. ముందే ఆపితే లాప్‌టాప్‌కు అడ్రస్ దొరకక, ఆ పేజీ మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

తర్వాత కేబుల్ ఒక కొసను కింది రౌటర్ లాన్ పోర్టులో, రెండో కొసను పాతదాని లాన్ పోర్టులో పెట్టండి. టెలిఫోన్ తీగ పెట్టే చోటు ఖాళీగానే ఉంటుంది. ఇలాంటి పాత రౌటర్ల పోర్టులు సాధారణంగా 100 ఎంబీపీఎస్‌కు మించి ఇవ్వవు కానీ, వీడియో మీటింగుకు అందులో పదో వంతు కూడా ఎక్కువే. మీ అమ్మాయి మేడ ఎక్కిన తర్వాత కూడా ఫోను కింది వైఫైనే పట్టుకుని వేలాడుతుంటే, ఒకసారి వైఫై ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది.

కేబుల్ లేకుండా, కింది వైఫైని అందుకుని తిరిగి పంపే రిపీటర్‌గా వాడే పద్ధతి ఉన్నా, మీకు దాన్ని సూచించను. చాలా పాత రౌటర్లలో ఆ సదుపాయమే ఉండదు. ఉన్నా, వినడమూ తిరిగి చెప్పడమూ ఒకే రేడియో చేయాలి కనుక వేగం సుమారు సగానికి పడిపోతుంది.

కరెంటు పోయినప్పుడు కూడా మీటింగ్ సాగాలంటే రెండు రౌటర్లకూ బ్యాకప్ ఉండాలి. పాతదాని అడాప్టర్ 9 వోల్టులదో 12 వోల్టులదో చూసుకున్న తర్వాతే చిన్న యూపీఎస్ కొనండి.