స్థలం ఉంది కదా అని చార్జర్ పెట్టకు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సూర్యాపేట దాటాక, హైవేకి లోపలగా ఉన్న మన చెలకలో ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ స్టేషన్ పెడతానని రాశావు. ఆలోచన బాగుంది, ఊరు కూడా సరైనదే. ఆ చెలకే నాకు నచ్చలేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. ఇంట్లో ఫుల్ చార్జ్ చేసుకుని బయల్దేరినవాడు చిట్యాలలో ఆగడు, అవసరం ఉండదు. ఏసీ వేసుకుని వంద స్పీడులో పోతే కంపెనీ చెప్పిన రేంజ్ ఎలాగూ రాదు. సగం దారి అయ్యేసరికి చూపంతా బ్యాటరీ శాతం మీదే ఉంటుంది. అటునుంచి వచ్చేవాడిదీ అదే పరిస్థితి. అందుకే సూర్యాపేట చుట్టుపక్కల బేరం ఉంటుంది.

కానీ ఎంతసేపు ఆగుతారో చూడు. 40 యూనిట్ల బ్యాటరీని 10 నుంచి 80 శాతానికి తేవాలంటే 28 యూనిట్లు ఎక్కాలి. 60 కిలోవాట్ల చార్జర్ పెట్టినా చాలా కార్లు అంత లాగవు, ముప్పావు గంట వేసుకో. 80 దాటితే ఇంకా నెమ్మది. అంతసేపు పిల్లలతో, పెద్దవాళ్లతో నీ చెలకలో ఏం చేస్తారు? టిఫిను, శుభ్రమైన బాత్రూమ్, రాత్రిపూట లైట్లు ఉన్నచోటే ఆగుతారు. హోటల్ యజమానితో మాట్లాడి ఆవరణలో నాలుగు కార్ల జాగా లీజుకు తీసుకో. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు కాబట్టి ఆ హోటల్‌కి ఏ వైపు కార్లు వస్తాయో, యూటర్న్ ఎంత దూరమో ముందే చూసుకో.

2024లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో హైవేకి రెండు వైపులా 20 కిలోమీటర్లకొక స్టేషన్ ఉండాలన్నారు. అది దేశం మొత్తానికి వేసిన లెక్క. నీ చార్జర్ దగ్గరికి రోజుకు ఎన్ని కార్లొస్తాయో అది చెప్పదు.

ఇక కరెంటు. నా సర్వీసంతా అందులోనే గడిచింది కాబట్టి ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను. స్థలం మాట్లాడకముందే లైన్‌మ్యాన్‌ని వెంటబెట్టుకుని తిరుగు. 11 కేవీ లైను, అంటే 11 వేల వోల్టుల లైను, ఎక్కడిదాకా ఉంది, ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తోంది, ఆ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను) మీద ఇప్పటికే ఎంత లోడుంది కనుక్కో. రెండు 60 కిలోవాట్ల చార్జర్లంటే 120 కిలోవాట్లు. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద వేలాడదీస్తే కుదరదు. కొత్త స్తంభాలు, లైను, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఎస్టిమేట్‌లో నీ నెత్తినే పడతాయి. మన చెలక లైను చివర్లో ఉంది. యాసంగిలో బోరు మోటార్లన్నీ ఆన్ అయ్యాయంటే అక్కడ వోల్టేజి పడిపోతుంది, చార్జర్ ట్రిప్ అవుతుంది, కస్టమర్ నిన్ను తిట్టుకుంటూ పోతాడు. ఏ చోటు అనుకున్నా ఆ సీజన్‌లోనే, మోటార్లు నడిచే వేళ వోల్టేజి కొలిపించు. ఇంకో మాట, ఈవీ చార్జింగ్‌కి టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది. హోటల్ కమర్షియల్ మీటరు నుంచి వైరు లాగకుండా నీ పేరున విడిగా కరెంటు కనెక్షన్ తీసుకో.

సంక్రాంతికి ఆ రోడ్డు మీద కార్ల బారు చూసి ఆరు చార్జర్లు పెట్టాలనిపిస్తుంది. పెళ్లికొచ్చే చుట్టాల లెక్కన ఎవరూ ఇల్లు కట్టరు. రెండుతో మొదలుపెట్టు, కేబుల్ గొట్టాలు మాత్రం నాలుగింటికి సరిపడా ముందే పాతెయ్. ఒకే పెద్ద మెషిన్ కన్నా రెండు చిన్నవే మేలు, ఒకటి చెడితే ఇంకోటి నడుస్తుంది.

జాగాలో నీళ్లు నిలుస్తాయేమో అడుగు. 2024 సెప్టెంబరు మొదట్లో నందిగామ పక్కనున్న ఐతవరం దగ్గర వరద నీళ్లు హైవే మీదకే వచ్చాయి కదా. చార్జర్ దిమ్మె ఎత్తుగా కట్టించు. కొన్ని కార్లకు చార్జింగ్ పోర్టు ముందు గ్రిల్‌లో ఉంటుంది, కొన్నిటికి వెనక పక్కన. కారు ఎటు తిప్పి పెట్టినా కేబుల్ అందాలి. అక్కడ మొబైల్ సిగ్నల్ లేకపోతే యాప్ తెరుచుకోదు, డబ్బులూ కట్టలేరు. ఫోన్‌లో డేటా ఎలా వస్తుందో అక్కడే నిలబడి చూసుకో.

హోటల్‌వాడికి అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకు. ముందు కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఎస్టిమేట్ వేయించి, కాపీ నాకు వాట్సాప్ చెయ్. చూసి ఫోన్ చేస్తాను.

మీ మామయ్య