‘అవగాహన లోపం’ అని రాసేముందు

బిడ్డా,

నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరోసిస్ మీద, అదే నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై పండ్లు, ఎముకలు పాడయ్యే రోగం మీద, నువ్వు పీహెచ్‌డీ చేస్తున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. మస్తు సంబురమైంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే.

నోట్సుకు తారీఖులెయ్యి. గైడ్‌తోటి సక్కగుండు. ఇవి నీకు తెలిసినయే.

నా భయమంతా నీ వాక్యాల మీదనే. పరిశోధన భాషల మనసుండదంటరు, నమ్మకు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ‘2 ఉంది’ అంటే లెక్క. ‘2 మాత్రమే ఉంది’ అంటే తీర్పు. ఒకరి మాట చెప్పేటప్పుడు ‘నిరూపించారు’ అన్నవంటే ఒప్పుకున్నట్టు, ‘వాదించారు’ అంటే ఎడంగ నిలబడ్డట్టు, ‘చెప్పుకున్నారు’ అంటే తీసిపారేసినట్టు.

ఎంఫిల్‌ల నేనొక తప్పు చేసిన. మీ అమ్మకు గూడ చెప్పలే. ఆ దిక్కే ఒక ఊర్లె ఇల్లిల్లు తిరిగిన. వంగిన నడుములు, పండ్ల మీద గోధుమరంగు మచ్చలున్న పోరగాళ్లు. కండ్లల్ల నీళ్లొచ్చేవి. కానీ రాసేటప్పుడు ‘పాపం’, ‘ఘోరం’ అన్నయన్నీ కొట్టేసి, శాస్త్రీయంగ ఉండాలని ‘అవగాహన లోపం వల్ల గ్రామస్తులు బోరు నీరు తాగుతున్నారు’ అని రాసిన. డిగ్రీ వచ్చింది. సంతోషం పట్టలేక ఆ ఊరికి పోయి, నాకు జొన్నరొట్టె పెట్టిన అవ్వకు ఆ పేజీ చదివి వినిపించిన. ఆమెకు మెడ తిరగదు. ఒళ్లంత తిప్పి నా దిక్కు చూసి, “మాకెర్క లేదా బిడ్డా? ఎర్కే. ఇంకో నీళ్లేడున్నయి?” అన్నది.

రొట్టె పెట్టిన చేతికి నేను లోపం అంటగట్టిన. ‘పాపం’ అని రాసినా నయముండె, అది నా మాటని తెలిసేది. ‘వేరే నీరు లేక’ అంటే సరిపోతుండె. అది నిజం, దుఃఖం గూడ అండ్లనే ఉన్నది.

ఇప్పుడు ఇంటింటికి మంచినీళ్లిచ్చే మిషన్ భగీరథ నల్లాలొచ్చినయని ‘సమస్య పరిష్కారమైంది’ అని ఒక్క మాటల తేల్చకు. నీళ్లు మారితే వంగిన నడుము లేవదు. ‘రోగులు’ అనాల్నా, ‘బాధితులు’ అనాల్నా గైడ్‌ను తర్వాత అడుగు, ముందు వాళ్లనే అడుగు. చిన్నప్పుడు ఎవ్వరినీ అడగకుంట బాయిల దిగినదానివి, నీ తొందర నాకు తెల్వదా!

దసరాకు వచ్చేటప్పుడు మొదటి చాప్టర్ తే. ఇద్దరం అరుగు మీద కూసోని ‘లోపం’ ఏడేడున్నదో ఏరుదాం. ఎండల నెత్తికి గుడ్డ లేకుంట తిరగకు తల్లీ.

నీ పెద్దమ్మ