హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 42. ఏ ఇబ్బందీ లేదు. స్నేహితురాలికి తోడుగా వెళ్లి, నేనూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేయించుకున్నాను. ‘హెచ్‌పీవీ పాజిటివ్’ అని రిపోర్టు వచ్చింది. కాల్పోస్కోపీకి రమ్మన్నారు. అప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు. మావారు ఏమనుకుంటారోనని ఇంట్లో చెప్పలేదు. ఇది క్యాన్సరేనా డాక్టర్ గారూ?
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: కాదమ్మా. హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఉందని మాత్రమే ఆ రిపోర్టు చెబుతోంది. హెచ్‌పీవీ చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఎక్కువమందిలో రెండేళ్లలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో మాత్రం ప్రమాదకరమైన రకం ఉండిపోయి కణాలను మారుస్తుంది. రోగనిరోధక శక్తి బాగున్నవాళ్లలో ఆ మార్పులు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అందుకే ఏ బాధా లేనప్పుడే పరీక్ష చేస్తాం. 30 ఏళ్లు దాటిన మహిళలు అయిదు నుంచి పదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాల్పోస్కోపీ అంటే గర్భాశయ ముఖద్వారాన్ని భూతద్దంతో దగ్గరగా చూడటమే, భయపడకండి. మామూలు లోపలి పరీక్షకు పడుకున్నట్టే పడుకుంటారు. భూతద్దం ఉన్న పరికరం బయటే ఉంటుంది. ముఖద్వారానికి పలచటి ఎసిటిక్ యాసిడ్ పూస్తారు, కాస్త చురుక్కుమంటుంది. తేడాగా ఉన్న చోటు తెల్లబడుతుంది. అవసరమైతే అక్కడి నుంచి చిటికెడు ముక్క తీస్తారు. తర్వాత కొద్దిరోజులు రక్తపు మరకలు కనిపించవచ్చు. కణాల్లో మార్పులున్నా, క్యాన్సర్ కాకముందే ఆ భాగాన్ని తొలగించే చికిత్స ఉంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.

మీవారి సంగతి. ఈ వైరస్ కలయిక ద్వారా సోకేదే అయినా, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా తేల్చలేదు. కాబట్టి దీన్నిబట్టి మిమ్మల్నిగానీ ఆయన్నిగానీ అనుమానించడం అన్యాయం. చెప్పడం కష్టంగా ఉంటే ఆయన్ని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, ఆ మాట వాళ్ల నోటితోనే వింటారు.

ఈ భయాన్ని ఒంటరిగా మోయకండి. పరీక్ష రోజున ఆ స్నేహితురాలినే తోడు రమ్మనండి. చాలా పెద్ద ఆసుపత్రుల్లో కౌన్సెలర్ గానీ మెడికల్ సోషల్ వర్కర్ గానీ ఉంటారు, నర్సును అడిగితే చూపిస్తారు. ఖర్చుల సాయం గురించీ వాళ్లనే అడగొచ్చు. ఒకవేళ చికిత్స దాకా వెళ్తే, అదే దారిలో నడిచినవాళ్ల బృందాలతోనూ కలుపుతారు.

డాక్టర్‌ని తప్పకుండా అడగండి: నాది ఎక్కువ ప్రమాదకరమైన 16, 18 రకమా? మళ్లీ పరీక్ష ఎప్పుడు? ఈలోగా కలయిక తర్వాతగానీ నెలసరి మధ్యలోగానీ రక్తం కనిపిస్తే అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగొద్దు, వెంటనే చూపించుకోండి.