మేనరికం, తలసీమియా, తల్లి మీద నింద: జన్యువులపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఎంచుకున్నాము. అడిగినవారు వేరైనా చాలావాటిలో ఒకే వేదన కనిపించింది: బిడ్డలో కనిపించినదానికి ఇంట్లో ఎవరినో ఒకరిని బాధ్యులను చేయడం. మొదటి ఉత్తరానికి సమాధానం దీర్ఘంగా ఉంటుంది, ఎందుకంటే మిగిలిన వాటికి కూడా పునాది అక్కడే ఉన్నది.

ప్రశ్న: నేను మా మేనమామనే పెళ్లి చేసుకున్నాను. మాకు మొదట అమ్మాయి పుట్టింది, ఆరోగ్యంగా ఉంది. తరువాత పుట్టిన బాబుకు ఏడో నెలలో ఒళ్లు పాలిపోయి, పాలు తాగడం తగ్గిపోతే పరీక్షలు చేయించాము. బీటా తలసీమియా మేజర్ అనే, పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు అన్నారు. ఇప్పుడు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తున్నారు. మా పుట్టింటిలో గానీ అత్తింటిలో గానీ ఈ జబ్బు ఎవరికీ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి నలుగురు పిల్లల్లో ఒకరికి వస్తుందన్నారు కాబట్టి, ఒకరికి వచ్చింది గనుక ఇక మీకు భయం లేదని మా వాళ్లు అంటున్నారు. నిజమేనా? మా అమ్మాయి పెళ్లి విషయం తలచుకుంటే నిద్ర పట్టడం లేదు.
(ఒక సోదరి, గుంటూరు జిల్లా)

జవాబు: అమ్మా, ముందుగా మీ బంధువుల మాట సంగతి చెబుతాను, ఎందుకంటే దానిని నమ్మి నిర్ణయం తీసుకుంటే ప్రమాదం. నాలుగింట ఒకటి అన్నది నలుగురు పిల్లలకు కలిపి పంచిపెట్టిన వాటా కాదు. ప్రతి గర్భానికీ విడివిడిగా, మళ్లీ మొదటి నుంచి వర్తించే అవకాశం. ముందు పుట్టిన బిడ్డకు ఏమి వచ్చిందో తరువాతి బిడ్డ ఏర్పడే సమయంలో అండానికీ తెలియదు, శుక్రకణానికీ తెలియదు. కాబట్టి మీకు మరో బిడ్డ కలిగితే ఆ బిడ్డకు కూడా 25 శాతం అవకాశం అలాగే ఉంటుంది.

ఇది ఎలా వచ్చిందో అర్థం కావాలంటే క్రోమోజోమ్‌ల దగ్గర మొదలుపెట్టాలి. మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ కేంద్రకం ఉంటుంది, అందులో 46 క్రోమోజోమ్‌లు 23 జతలుగా ఉంటాయి. (1956 వరకు శాస్త్రవేత్తలే వీటిని 48 అని లెక్కపెట్టారు. ఆ ఏడాది జో హిన్ త్యో, ఆల్బర్ట్ లెవాన్ సరిచేశారు.) ప్రతి జతలోనూ ఒకటి తల్లి ఇచ్చినది, మరొకటి తండ్రి ఇచ్చినది. జన్యువులు ఈ క్రోమోజోమ్‌ల మీద ఉంటాయి కనుక దాదాపు ప్రతి జన్యువుకూ మన దగ్గర రెండు ప్రతులు ఉంటాయి. అండం గానీ శుక్రకణం గానీ తయారయ్యేటప్పుడు జరిగే క్షయకరణ విభజనలో ఈ జతలు విడిపోయి, జతకు ఒకటి చొప్పున 23 క్రోమోజోమ్‌లు మాత్రమే అందులోకి వెళ్తాయి. ఏ జతలో ఏది వెళ్తుందన్నది ఎవరి చేతిలోనూ లేదు.

రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే ప్రొటీన్ భాగాన్ని తయారుచేయించే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉన్నది. ఈ జన్యువు రెండు ప్రతులలో ఒకటి దెబ్బతిని, రెండవది బాగుంటే ఆ మనిషికి జబ్బు ఉండదు. మహా అయితే ఎర్ర రక్తకణాలు కొంచెం చిన్నవిగా ఉండి, రక్తం కాస్త తక్కువగా కనిపిస్తుంది. వీరినే వాహకులు లేదా తలసీమియా మైనర్ ఉన్నవారు అంటారు. చాలామంది జీవితమంతా ఆ సంగతి తెలియకుండానే గడిపేస్తారు. మీరూ మీ భర్తా అలాంటి వాహకులే. మీ బాబుకు మీ ఇద్దరి దగ్గర నుంచీ దెబ్బతిన్న ప్రతే వచ్చింది, అందుకే అతని శరీరం సరిపడా హీమోగ్లోబిన్ తయారుచేసుకోలేకపోతున్నది. కడుపులో ఉన్నప్పుడూ పుట్టిన కొత్తలోనూ శిశువు రక్తంలో ప్రధానంగా ఉండేది బీటా గొలుసుతో పనిలేని వేరే రకం హీమోగ్లోబిన్. పుట్టిన తరువాత నెలలు గడిచేకొద్దీ అది తగ్గి బీటా గొలుసు అవసరమవుతుంది. అందుకే మొదటి నెలల్లో బాగున్న బాబు ఏడో నెలకు పాలిపోయాడు. మీ పాలలోనో మీరు చేసిన పెంపకంలోనో లోపం ఉండి కాదు.

ముందెవరికీ లేదన్నారు. ఈ చిక్కును మొదట విప్పినవాడు ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో మఠవాసిగా ఉన్న గ్రెగర్ మెండెల్. ఊదా పూల బఠాణీ మొక్కలను తెల్ల పూల మొక్కలతో సంకరం చేస్తే మొదటి తరంలో ఒక్క తెల్ల పువ్వు కూడా రాలేదు. ఆ మొక్కలలో స్వపరాగ సంపర్కం (వాటి పుప్పొడి వాటి మీదనే పడటం) జరగనిచ్చినప్పుడు రెండవ తరంలో 705 మొక్కలకు ఊదా పూలు, 224 మొక్కలకు తెల్ల పూలు వచ్చాయి. అంటే తెల్లదనం మధ్య తరంలో నశించలేదు, ఊదా రంగు చాటున ఉండిపోయింది. పైకి కనిపించేదానిని బహిర్గత లక్షణమని, చాటున ఉండి రెండు ప్రతులు కలిసినప్పుడే బయటపడేదానిని అంతర్గత లక్షణమని మన పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. 1866లో అచ్చయిన ఆయన వ్యాసాన్ని 1900 వరకు ఎవరూ సరిగా పట్టించుకోలేదు. బీటా తలసీమియా మేజర్ కూడా ఆ తెల్ల పువ్వు వంటిదే. మీ వంశంలో అది ఎన్నో తరాలుగా వాహకుల రూపంలో ప్రయాణం చేసి ఉంటుంది.

ఇక మేనరికం సంగతి. మేనరికం జన్యువును చెడగొట్టదు, కొత్త జబ్బును పుట్టించదు. అది చేసేదల్లా ఒకే పూర్వీకుని దగ్గర నుంచి బయలుదేరిన ఒకే ప్రతి రెండు దారులలో వచ్చి ఒకే బిడ్డలో కలిసే అవకాశాన్ని పెంచడం. భారతదేశంలో బీటా తలసీమియా వాహకులు సగటున 3 నుంచి 4 శాతం ఉంటారని అంచనా. అంటే ఒక వాహకురాలు సంబంధం లేని వ్యక్తిని పెళ్లాడితే అతడు కూడా వాహకుడయ్యే అవకాశం సుమారు 30లో 1. అదే ఆమె బావను, అంటే మేనమామ కొడుకునో మేనత్త కొడుకునో చేసుకుంటే 8లో 1. మేనమామనే చేసుకుంటే 4లో 1. ఈ లెక్కను మీరే వేసి చూడవచ్చు: ఆ ప్రతి మీకు మీ అమ్మ వైపు నుంచి వచ్చే అవకాశం సగం, మీ అమ్మకు ఉంటే ఆమె తమ్ముడికీ ఉండే అవకాశం మరో సగం. ప్రేమతోనో ఆస్తి కోసమో పెద్దల మాట మీదనో తరతరాలుగా చేసుకున్న పెళ్లిళ్లను పాపమని అనడం నాకు ఇష్టం లేదు. మేనరికం చేసుకున్న దంపతులలో అత్యధికుల పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు. అయితే ఆ లెక్క తెలిసి కూడా పరీక్ష లేకుండా చేయడం మాత్రం ఇక తగదని నా గట్టి నమ్మకం.

బయటి సంబంధమైతే ఏ పరీక్షా అక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే. ఒకే కులంలో వందల ఏళ్లుగా పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినప్పుడు, చుట్టరికం తెలియనివారి మధ్య కూడా దూరపు పూర్వీకులు ఉమ్మడిగా ఉంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రపు శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 2009లో, ఆ తరువాత 2017లో ప్రచురించిన అధ్యయనాలు ఇదే చూపాయి. మన తెలుగువారిలోని వైశ్య సముదాయం దానికి వారు చూపిన ఉదాహరణ. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందును శరీరం త్వరగా విరగ్గొట్టలేని స్థితి వారిలో మిగతావారి కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ముందే తెలిస్తే మత్తు వైద్యులు వేరే మందు వాడతారు, అంతటితో సమస్య తీరుతుంది. ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టవలసిన మచ్చ కాదు. లోపలే పెళ్లిళ్లు చేసుకున్న ప్రతి సముదాయం ఏదో ఒక అంతర్గత జన్యువును ఇలాగే మోస్తూ ఉంటుంది. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) జన్యువు ఎక్కువగా ఉండటానికి దీనికి తోడు మరొక కారణం కూడా ఉన్నది: ఒక ప్రతి మాత్రమే ఉన్నవారికి మలేరియా తీవ్రత నుంచి రక్షణ దొరుకుతుంది కనుక మలేరియా ఉన్న చోట్ల అది తరాల పాటు నిలిచిపోయింది.

మీరు ఇప్పుడు చేయగలిగినది చాలా ఉన్నది. మరో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే మీ ఇద్దరికీ డీఎన్‌ఏ పరీక్ష చేయించి, జన్యువులో మార్పు ఏ చోట ఉన్నదో తెలుసుకోండి. అది తెలిసి ఉంటే గర్భం వచ్చిన 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి శిశువు స్థితి చెప్పగలుగుతారు. బాబుకు ఎముక మజ్జ మార్పిడి గురించి వైద్యులు మాట్లాడితే మీ అమ్మాయి మజ్జ సరిపోతుందేమో తప్పక చూపించండి. తోబుట్టువుల మధ్య పూర్తిగా సరిపోయే అవకాశం 4లో 1 ఉంటుంది, ఆమె వాహకురాలైనా దాతగా పనికిరాదని కాదు. రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో పేరుకునే ఇనుమును తొలగించే మందులు మాత్రం ఎవరు ఏమి చెప్పినా మానకండి.

అమ్మాయి విషయం. ఆమెకు జబ్బు లేదని ఇప్పటికే తెలుసు కనుక, వాహకురాలు అయ్యే అవకాశం సగం కాదు, 3లో 2. హెచ్‌బీ ఏ2 అనే ఒక రకం హీమోగ్లోబిన్ శాతాన్ని కొలిచే మామూలు రక్త పరీక్షతో అది దాదాపుగా తేలిపోతుంది. వాహకురాలైతే పెళ్లికి అడ్డంకి ఏమీ లేదు. కుదుర్చుకునే అబ్బాయికి కూడా అదే పరీక్ష చేయించాలి, అతడు వాహకుడు కాకపోతే వారి పిల్లలకు ఈ జబ్బు రాదు. జాతకాలు చూపించే రోజునే ఈ కాగితం కూడా చూపించే ఇళ్లు పెరగాలని కోరుకుంటున్నాను. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీ భర్త తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: నాది ఏ గ్రూపు రక్తం, మావారిది బీ గ్రూపు. బాబుది ఓ గ్రూపు అని వచ్చింది. తల్లిదండ్రులిద్దరికీ లేనిది బిడ్డకెలా వస్తుందని మా అత్తగారు అడిగిన తీరు నన్ను చాలా బాధపెట్టింది.
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: ఈ సమాధానాన్ని మీ అత్తగారికి చదివి వినిపించండి. రక్త గ్రూపును నిర్ణయించే జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానికి ఏ, బీ, ఓ అనే మూడు ముఖ్యమైన రూపాలు ఉన్నాయి. ఏ, బీ రెండూ బహిర్గతాలు, ఓ అంతర్గతం. కాబట్టి ఏ గ్రూపు ఉన్న మనిషి దగ్గర ఏ, ఏ ఉండవచ్చు, లేదా ఏ, ఓ ఉండవచ్చు. పరీక్ష కాగితం మీద రెండూ ఏ అనే కనిపిస్తాయి. మీ దగ్గర ఏ, ఓ, మీ భర్త దగ్గర బీ, ఓ ఉన్నాయి. బాబుకు మీ ఇద్దరి ఓ రూపాలు చేరాయి. మీకు పుట్టే పిల్లలు ఏ, బీ, ఏబీ, ఓ నాలుగింటిలో ఏ గ్రూపు వారైనా కావచ్చు. నిజానికి బాబు మీ ఇద్దరి చాటు లక్షణాన్ని ఒకేసారి బయటపెట్టాడు.

గ్రూపులను చూసి పితృత్వాన్ని శంకించడం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి మరొక సంగతి ఉన్నది. 1952లో బొంబాయిలో వై.ఎం. భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన రక్తాన్ని గుర్తించారు. ఏ లేదా బీ రూపాలు ఉన్నప్పటికీ, వాటికి ఆధారమైన హెచ్ పదార్థం తయారు కాకపోవడం వల్ల వీరి రక్తం మామూలు పరీక్షలో ఓ గ్రూపుగా కనిపిస్తుంది. దానినే బాంబే గ్రూపు అంటారు. అలాంటివారి బిడ్డకు పైకి అసాధ్యమనిపించే గ్రూపు రావచ్చు. వారికి సాధారణ ఓ రక్తం కూడా ఎక్కించకూడదు.

ప్రశ్న: ముగ్గురూ ఆడపిల్లలే. నా భార్యను మా ఇంట్లో వాళ్లు అనే మాటలు భరించలేకపోతున్నాను. శాస్త్రం ఏమంటుందో రాయండి.
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: మీరు ఇలా అడిగినందుకు సంతోషించాను. 23 జతలలో చివరి జత స్త్రీలలో రెండు ఎక్స్‌లు, పురుషులలో ఒక ఎక్స్, ఒక వై. అండంలో ఎప్పుడూ ఎక్సే ఉంటుంది. శుక్రకణాలలో సగానికి ఎక్స్, సగానికి వై ఉంటాయి. ఏది అండాన్ని చేరితే దానిని బట్టి ఆడపిల్లో మగపిల్లాడో నిర్ణయమవుతుంది. 1905లో నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పిండి పురుగులలో ఆడవాటికీ మగవాటికీ మధ్య ఉన్న ఈ క్రోమోజోమ్ తేడాను చూపించారు. తల్లి పాత్ర లేదని చెప్పి నిందను మీ మీదికి మళ్లించడం కూడా నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఏ శుక్రకణం ముందు చేరుతుందో మీరు ఎంచుకోలేదు. నాలుగో కాన్పులోనూ అవకాశం దాదాపు సగం సగమే. మగపిల్లాడు పుట్టేందుకు మందు ఇస్తామనేవారి దగ్గరకు వెళ్లకండి. పుట్టబోయే బిడ్డ ఆడో మగో పరీక్షలతో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

ప్రశ్న: మా కోడలు గర్భవతి. పాలలో కుంకుమపువ్వు వేసి ఇస్తున్నాను. పుట్టే బిడ్డ రంగు మారుతుందా?
(ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: మారదు. చర్మపు రంగు ఒక్క జన్యువుతో తేలేది కాదు, ఎన్నో జన్యువులు కొద్దికొద్దిగా కలిసి నిర్ణయించేది. అండమూ శుక్రకణమూ కలిసిన క్షణానికే ఆ జన్యువులన్నీ స్థిరపడిపోతాయి. అందుకే ఒకే తల్లిదండ్రులకు ఒకరు చామనఛాయగా, ఒకరు నలుపుగా, ఒకరు ఎరుపుగా పుట్టడం మన ఇళ్లలో మామూలే. కొద్దిగా వేసిన కుంకుమపువ్వు పాలు ఆమెకు ఇష్టమైతే తాగనివ్వండి. వైద్యులు రాసిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి, ఇప్పటివరకు చేయించకపోతే తలసీమియా వాహకురాలో కాదో తెలిపే హెచ్‌బీ ఏ2 పరీక్ష కూడా ఈ వారమే చేయించమని అడగండి. ఆమె వాహకురాలని తేలితే వెంటనే మీ అబ్బాయికి కూడా చేయించవలసి ఉంటుంది.