ముందు వరుసలో కూర్చోవచ్చా?

ప్రశ్న: స్కాట్లాండ్‌లో జరిగే ఎడిన్‌బరా ఫ్రింజ్ ప్రదర్శన కళల ఉత్సవంలో క్లౌన్ కళాకారులు ప్రేక్షకులను కూడా ఆటలోకి లాగుతారట. అలా దొరికినవారు నవ్వులపాలు కారా?

జవాబు: మంచి కళాకారుల చేతిలో కారు. ఆ ఉత్సవంలో 2023లో ఎస్టోనియాకు చెందిన క్లౌన్ కళాకారిణి జూలియా మాస్లి, ఒక చేతికి బట్టల దుకాణాల్లో నిలబెట్టే బొమ్మ కాలు తగిలించుకుని, దానికి అమర్చిన మైకును ఎదుటివారి ముందుంచి, 'సమస్యా?' అని అడిగేవారు. వారు ఏది చెబితే దానికి అప్పటికప్పుడు పరిష్కారం వెతికేవారు. ఇందులో తెల్లమొహం వేసేది కళాకారిణే తప్ప ప్రేక్షకుడు కాదు. ఫ్రాన్స్‌లో క్లౌన్ విద్య నేర్పే గురువు ఫిలిప్ గోలియే దగ్గర ఆమె నేర్చుకున్నది, తన తడబాటును దాచకుండా చూపి నవ్వించే ఈ విద్యనే. మీకు ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపండి; దాన్ని మన్నించని కళాకారుడికి ఈ విద్య ఇంకా పట్టుబడలేదనే నా అభిప్రాయం.